వాడేసిన ఆయిల్ స్క్రాప్‌కి ఇచ్చే ముందు: ప్రమాదకర వ్యర్థాల అనుమతికి దరఖాస్తు ఎలా?

కొండపల్లిలో ఫ్యాక్టరీ అయినా, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ అయినా, జనరేటరో కంప్రెసరో ఉందంటే వాడేసిన ఆయిల్ ఉన్నట్టే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో షెడ్యూల్-1 కింద దాని నంబరు 5.1. రసాయనాల ఖాళీ డ్రమ్ములు 33.1, తుడిచిన గుడ్డలు 33.2, నీటి శుద్ధిలో దిగే రసాయన బురద 35.3. వీటికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి.

ముందు మీ సీఎఫ్ఓ (యూనిట్ నడపడానికి మండలి ఇచ్చే సమ్మతి) ఉత్తర్వు చివరిదాకా చదవండి. మన రాష్ట్రంలో చాలాసార్లు సీఎఫ్ఓ, ప్రమాదకర వ్యర్థాల అనుమతి రెండూ కలిపి ఒకే ఉత్తర్వుగా ఇస్తారు. అందులో ఈ నంబర్లూ పరిమాణాలూ ఉండి, గడువు మిగిలుంటే ఇంకో సర్టిఫికెట్ అక్కర్లేదు. "విడిగా తెప్పిస్తాం" అనేవాళ్లకు డబ్బు కట్టకండి.

లేకపోతే మండలి పోర్టల్‌లో దరఖాస్తు పత్రమైన ఫారం-1 నింపి, సీఎఫ్ఈ (యూనిట్ పెట్టడానికి ఇచ్చిన సమ్మతి), సీఎఫ్ఓ కాపీలు జతచేయాలి. ఫీజు ఆన్‌లైన్‌లోనే కట్టి రసీదు దాచుకోండి.

పరిమాణం దగ్గర మొదటి తడబాటు. కొన్న ఆయిల్ లెక్క కాదు, దించిన ఆయిల్ లెక్క రాయాలి. ఇంజన్ ఆయిల్ సంపు (అడుగు తొట్టి) 40 లీటర్లు, 250 గంటలకోసారి మార్పు, ఏడాదికి 1,500 గంటలు నడిస్తే 240 లీటర్లు. గడిలో కిలోలీటర్లు అడిగితే అది 0.24. అక్కడ 240 అని కొట్టేస్తే వెయ్యి రెట్లయి కూర్చుంటుంది.

అసలు చిక్కు మాత్రం, ఆ వ్యర్థం ఎవరికిస్తారో చూపే కాగితం దగ్గరే. ఆటోనగర్ పాత సామాన్ల షాపు జీఎస్టీ సర్టిఫికెట్ దీనికి పనికిరాదు. జీఎస్టీ ఉన్నంత మాత్రాన ఆయిల్ శుద్ధి చేసే అర్హత రాదు. రీసైక్లర్‌తో ఒప్పంద పత్రం, ఆయన సొంత అనుమతి కాపీ, రెండూ పెట్టాలి. ఆ కాపీలో గడువు తేదీ, ప్లాంటు చిరునామా, వ్యర్థం నంబరు, ఏటా ఎంత తీసుకోవచ్చో చూడండి. 33.1కి మాత్రమే అనుమతి ఉన్న యూనిట్ 5.1 తీసుకోకూడదు. దళారులు చేతిలో పెట్టే జిరాక్సుల్లో గడువు తీరినవి ఉంటాయి, పై పేజీ ఒక్కటే ఇస్తారు. అన్ని పేజీలూ అడగండి. ఆయిల్ సేకరణ ఏజెంటునని చెబితే, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కోండి. పూడ్చడానికో కాల్చడానికో పోయే సరుకుకైతే విశాఖ దగ్గరి పరవాడలో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రంలో సభ్యత్వ పత్రం కావాలి.

దరఖాస్తు అన్ని కాగితాలతో అందిన రోజు నుంచి 120 రోజుల్లో మండలి నిర్ణయం చెప్పాలి. కాగితం తక్కువైతే ఆ లెక్కే మొదలవదు. ఆలస్యానికి కారణం చాలావరకు ఇదే, భయపడాల్సింది లేదు. అనుమతి 5 ఏళ్లు ఉంటుంది.

అనుమతి వచ్చాక వ్యర్థాల లెక్కలకు ఫారం-3 రిజిస్టరు రాయడం, ఏటా జూన్ 30లోపు వార్షిక నివేదిక ఫారం-4 మండలికి పంపడం మామూలే. నిల్వ 90 రోజులు దాటనివ్వకండి. లోడు కదిలేటప్పుడు ఫారం-10 (సరుకు వెంట పోయే రవాణా పత్రం) ఏడు కాపీలు కావాలి. తెల్లది మండలికి, పసుపుది డ్రైవరు సంతకంతో మీ దగ్గరే, మిగతా ఐదూ లారీతో పోతాయి. సరుకు చేరాక నీలం కాపీ మీకు తిరిగి రావాలి. రాకపోతే ఆ రీసైక్లర్‌ని నిలదీయండి, అది వచ్చేదాకా రెండో లోడు ఎత్తనివ్వకండి.