మళ్లీ మళ్లీ తిరగబెట్టే తామరను పూర్తిగా వదిలించుకోవడం ఎలా?

మా అమ్మకు నడుము దగ్గర, లంగా నాడా బిగించే చోట తామర వచ్చింది. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండో రోజుకే దురద పోయింది, నాలుగో రోజుకు ఎరుపు తగ్గింది, ఆమె రాయడం ఆపేసింది. పదిహేను రోజులు తిరిగేసరికి అదే చోట మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకాస్త వెడల్పుగా. మళ్లీ అదే ట్యూబు. ఇలా ఎనిమిది నెలలు గడిచాక చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాను. "ఎన్ని ట్యూబులు వాడారమ్మా?" అని ఆవిడ అడిగితే, "ఎన్నని చెప్పనమ్మా, అయిపోగానే ఇంకొకటి తెప్పించుకున్నాను" అంది అమ్మ. డాక్టరు ఆ ట్యూబు అట్టపెట్టె అందుకుని, సన్న అక్షరాల్లో అచ్చయిన పేర్లలో ఒకదాని కింద పెన్నుతో గీత గీసి నా చేతికిచ్చారు. క్లోబెటసాల్. అది తామర మందు కాదు, బలమైన స్టెరాయిడ్.

ఆ గీత వెనక ఉన్న సంగతి తెలిస్తే తామర ఎందుకు తిరగబెడుతుందో తెలిసినట్టే. తామర అంటే చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్ తిని బతికే ఒక ఫంగస్. దాన్ని తరిమేయడానికి మన ఒంట్లో జరిగే పోరాటమే మనకు దురదగా, ఎరుపుగా కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోతుంది, మనకు హాయిగా ఉంటుంది, అడ్డు లేని ఫంగస్ లోపల్లోపల పాకుతూ పోతుంది. కొన్నాళ్లకు గుండ్రటి అంచు కూడా చెదిరిపోయి, చూసినవాళ్లు తామరని గుర్తుపట్టలేని రూపానికి వస్తుంది. వైద్యులు దీన్ని టీనియా ఇన్‌కాగ్నిటో అంటారు, మారువేషం వేసుకున్న తామర అన్నమాట. దురద తగ్గడం వేరు, తామర తగ్గడం వేరు. కింద చెప్పే పనులన్నీ ఈ తేడాను పట్టుకుని చేయవలసినవే.

మొదటి పని: ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ ముందేసుకుని చదవండి

కంపెనీ పెట్టిన పేరు వదిలేసి, దాని కింద చిన్నగా ఉన్న మందుల పేర్లు చూడండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, డెక్సామెథసోన్, మోమెటసోన్: వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. "సోన్" అని ముగిసే పేరు కనిపిస్తే అనుమానించండి. టెర్బినాఫిన్, క్లోట్రిమజోల్, లులికొనజోల్, కీటోకొనజోల్, అమోరోల్ఫిన్ వంటివి ఫంగస్ మందులు. చాలా ట్యూబుల్లో ఈ రెండు రకాలనూ కలిపి, పైగా నియోమైసిన్, ఆఫ్లోక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ కూడా చేరుస్తారు. నాలుగు మందులు ఉన్నాయి కాబట్టి నాలుగింతలు పనిచేస్తుందనుకోవడం పొరపాటు. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులో ఫంగస్ మందు ఉన్నా, ఆ తోడు దాని పనిని చెడగొడుతుంది.

2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా చీటీ అడగకుండా ఇచ్చే షాపులు ఇప్పటికీ ఉన్నాయి, అడిగి తీసుకునే మనమూ ఉన్నాం. గజ్జల్లో, చంకల్లో నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, గర్భిణుల పొట్ట మీద కనిపించేలాంటి చారలు పడతాయి. అవి జన్మలో పోవు. పసిపిల్లల చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి ప్రమాదం ఇంకా పెద్దది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల తొడల మీద అలాంటి చారలు చూసినప్పుడు నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఒక హెచ్చరిక. చాలాకాలం స్టెరాయిడ్ రాసి ఆపేస్తే కొన్ని రోజులు మంట, ఎరుపు, దురద రెచ్చిపోతాయి. అది చూసి భయపడి చాలామంది మళ్లీ ఆ ట్యూబే పట్టుకుంటారు. ఆపేముందే డాక్టరును కలిస్తే ఆ నాలుగు రోజులు గట్టెక్కడానికి దురద మాత్రలు రాసిస్తారు.

రెండో పని: సరైన డాక్టరును వెతుక్కోండి

"స్కిన్ అండ్ హెయిర్" అని బోర్డు ఉన్న ప్రతి చోటా చర్మవైద్యులే ఉంటారనుకోవద్దు. డాక్టరు పేరు పక్కన ఎం.డి. డి.వి.ఎల్. (చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల చదువు) అనో, డి.డి.వి.ఎల్. అనో, డి.ఎన్.బి. డెర్మటాలజీ అనో ఉందా చూడండి. డబ్బు ఇబ్బందైతే ఉస్మానియా, గాంధీ, విశాఖ కింగ్ జార్జ్, గుంటూరు జనరల్ వంటి బోధనాసుపత్రుల్లో డి.వి.ఎల్. విభాగం ఉంటుంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు "చర్మవ్యాధులు" అని చెబితే చాలు.

వెళ్లేటప్పుడు వాడిన ట్యూబులు, వాటి పెట్టెలు, రోజూ వేసుకునే మాత్రల పేర్లు పట్టుకెళ్లండి. ఆ పూట మచ్చ మీద ఏమీ రాయవద్దు, పసుపు కూడా. జిల్లేడు పాలు ఏ పూటా వద్దు, చర్మాన్ని కాల్చి పుండు చేస్తాయి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకుని వెళ్లండి.

మూడో పని: డాక్టరు ముందు దాచుకోవద్దు

గజ్జల్లో, పిరుదుల మీద, రొమ్ముల కింద ఉన్న తామరను చూపించడానికి సిగ్గుపడి, చేతి మీద ఉన్న ఒక్క మచ్చే చూపించి వచ్చేవాళ్లు ఎందరో. దాచిన చోట మిగిలిపోయిన ఫంగస్ మళ్లీ ఒళ్లంతా ఎక్కుతుంది. ఆడ డాక్టరు కావాలంటే ముందే అడగండి, అందులో తప్పేమీ లేదు.

అనుమానం ఉంటే డాక్టరు కె.ఓ.హెచ్. పరీక్ష చేస్తారు. మా అమ్మకు చేసినప్పుడు పక్కనే ఉండి చూశాను. మచ్చ అంచును స్పిరిట్‌తో తుడిచి, మొండి బ్లేడుతో మెల్లగా గీరారు. బియ్యప్పిండిలా తెల్లటి పొట్టు గాజుపలక మీద రాలింది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేసి కాసేపు ఆగారు. ఆ ద్రావణానికి చర్మకణాలు కరిగిపోతాయి, ఫంగస్ మాత్రం మిగులుతుంది. మైక్రోస్కోపులో నన్ను కూడా చూడనిచ్చారు: సన్నటి దారపు పోగులు కొమ్మలుగా చీలి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. నొప్పి లేదు, రక్తం రాలేదు, పావుగంటలో తేలిపోయింది.

ఈ పరీక్ష ఎందుకంటే గుండ్రంగా ఉన్న ప్రతి మచ్చా తామర కాదు. సోరియాసిస్, ఎగ్జిమా కూడా అలా కనిపించవచ్చు. పాలిపోయిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది, ఆలస్యం చేయకూడదు.

షుగరు, గుండె జబ్బు, కాలేయం జబ్బు, గర్భం, పాలిచ్చే బిడ్డ, మద్యం అలవాటు: ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తామర మాత్రలు కొన్ని గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు పనికిరావు, కొన్నింటికి ముందుగా కాలేయం పరీక్ష చేయించాలి, కొన్ని కొలెస్టరాల్ మాత్రలతో పొసగవు. షుగరు పరీక్ష చేసుకుని ఏడాది దాటితే ఇప్పుడే చేయించుకోండి. షుగరు అదుపులో లేకపోతే తామర మొండికేస్తుంది.

నాలుగో పని: మందు డాక్టరు రాసిచ్చినట్టే, రాసిచ్చినన్నాళ్లూ వాడండి

పూతమందు ముందు చూద్దాం. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా ఆరాక రాయాలి. ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులోనే, ఇంకా బయటకు పాకేదీ అక్కడి నుంచే. అందుకని మచ్చకు రెండు సెంటీమీటర్ల అవతల మంచి చర్మం మీద మొదలుపెట్టి లోపలికి రాసుకుంటూ రండి. ఎంత రాయాలన్నదానికి వేలే కొలత. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అరగ్రాము, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత జాగాకు సరిపోతుంది. తామర నాలుగు అరచేతులంత ఉండి, రోజుకు రెండుసార్లు రాయమంటే రోజుకు రెండు గ్రాములు. 30 గ్రాముల ట్యూబు పదిహేను రోజులకే అయిపోవాలి. నెల వచ్చిందంటే పొదుపు చేశారని అర్థం, ఆ పొదుపు ఫంగస్‌కే లాభం.

ఇక మాత్రలు. ఎక్కువ మందికి రాసేది ఇట్రాకొనజోల్. మామూలు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆహారం, ఆమ్లం రెండూ ఉండాలి. కడుపునిండా భోజనం చేసిన వెంటనే వేసుకోండి. మన ఇళ్లలో పొద్దున లేవగానే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు ఎంత ఉందో తెలిసిందే. ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఈ క్యాప్సూల్ పట్టకుండా పోతుంది. మా అమ్మ రోజూ పాంటోప్రజోల్ వేసుకుంటోందని నేను చెప్పకపోతే డాక్టరుకు తెలిసేదే కాదు. గ్యాస్ మాత్ర ఉంటే తప్పక చెప్పి, ఏది ఎప్పుడు వేసుకోవాలో, అసలు అది అవసరమో కాదో అడిగి తెలుసుకోండి.

ఎన్నాళ్లు? మన చర్మం పైపొర మారడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. స్టెరాయిడ్ తగలని కొత్త తామరకు రెండు నుంచి నాలుగు వారాల మందు సరిపోవచ్చు, మొండిబారిన తామరకు అంతకు మించి కావాలి. మచ్చ పోయినట్టు కనిపించాక కూడా మరో రెండు వారాలు రాయమంటారు. మందు సగంలో ఆపితే మిగిలిన ఫంగస్‌కు ఆ మందు అలవాటైపోయే ముప్పు ఉంది. ఇది ఊరికే భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. భారత్, నేపాల్ రోగుల నుంచి దొరికిన ఒక ఫంగస్‌ను జపాన్ పరిశోధకులు 2020లో కొత్త జాతిగా గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకు దశాబ్దాలుగా నమ్మకమైన మందైన టెర్బినాఫిన్‌కు ఇది చాలాసార్లు లొంగడం లేదు. 2023లో న్యూయార్క్‌లోనూ బయటపడింది. అమెరికాకో, బ్రిటన్‌కో వెళ్లే పిల్లల సూట్‌కేసులో తామర ట్యూబులు సర్దే తల్లిదండ్రులు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. అక్కడ డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, ఇండియా నుంచి వచ్చామని, ఫలానా ట్యూబు వాడామని పిల్లలు మొదటే చెప్పాలి.

ఐదో పని: బట్టలు, తువ్వాళ్లు, మొలతాడు

చెమట పట్టి, గాలి ఆడని చోట ఫంగస్‌కు పండుగ. బిగుతు జీన్స్, లెగ్గింగ్స్ కొన్నాళ్లు పక్కన పెట్టి వదులైన నూలు బట్టలు వేసుకోండి. చీర కట్టేవాళ్లు లంగా నాడాను రోజూ ఒకే గీత మీద బిగించకుండా కాస్త పైకీ కిందకీ మార్చండి. లోదుస్తులు, సాక్సులు రోజూ ఉతికినవే వేసుకోవాలి. సగం ఆరినవి వేసుకోవద్దు, వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. తామర ఉన్నవాళ్ల బట్టలు విడిగా, వీలైతే వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, కుట్ల మీద వేడిగా ఇస్త్రీ చేయండి. తువ్వాలు, సబ్బు, పక్కదుప్పటి ఎవరివి వాళ్లకే. ఇంట్లో ఒక్కరికే వైద్యం జరిగి మిగతా ఇద్దరు గోక్కుంటూ కూర్చుంటే, తగ్గినవాళ్లకు నెలలోపే మళ్లీ అంటుకుంటుంది. అందరికీ ఒకేసారి మందు మొదలుపెట్టాలి.

మొలతాడు సంగతి చెప్పడానికి చాలామంది వెనకాడతారు. రోజూ స్నానంలో తడుస్తుంది, ఎప్పుడూ పూర్తిగా ఆరదు, ఆ పోగుల్లో పట్టిన చెమట, ఫంగస్ మళ్లీ నడుముకే అంటుతుంటాయి. మందు వాడినన్నాళ్లూ తీసేయడం మేలు. పాతది పడేసి, తామర తగ్గాక కొత్తది కట్టుకోండి. తాయెత్తు దారాలకూ ఇదే మాట.

పీచుతో రుద్దడం, రాయితో గీకడం, ఘాటైన సబ్బులతో నాలుగుసార్లు కడగడం వద్దు. మామూలు సబ్బు, మామూలు స్నానం చాలు.

ఆఖరి పని: తగ్గిందో లేదో డాక్టరుతోనే తేల్చుకోండి

చెప్పిన తేదీకి తప్పకుండా మళ్లీ వెళ్లండి. అంచు మీద వేలితో తడిమితే నునుపుగా, పక్క చర్మంలాగే ఉండాలి. గరుకు తగిలినా, పొట్టు రాలినా ఇంకా ఉందని లెక్క. రంగును మాత్రం కొలతగా పెట్టుకోవద్దు. మన చర్మం మీద తామర పోయినా దాని నల్లమచ్చ కొన్ని నెలలు ఉంటుంది. అది ఫంగస్ కాదు, దానంతటదే పలచబడుతుంది. అమ్మకు మందు ఆపేసి నెల దాటినా నడుము చుట్టూ గోధుమరంగు పట్టీ మిగిలింది. అది చూసి పాత ట్యూబు పేరు చీటీ మీద రాసి పక్కింటి అబ్బాయిని షాపుకు పంపబోయింది. చీటీ తీసేసుకుని, ఆమె వేలు పట్టుకుని ఆ అంచు తడిమించాను. గరుకు ఎక్కడా తగల్లేదు.