పాత వీసీఆర్ పెట్టెలో హోమ్ థియేటర్ కంప్యూటర్ కట్టడం ఎలా?

అటక మీద పడి ఉన్న వీసీఆర్‌ను సినిమాల కంప్యూటర్‌గా మార్చడం పెద్ద విద్యేమీ కాదు. చాలామంది ఒకే చోట చెడగొట్టుకుంటారు. పెట్టెలో ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ మదర్‌బోర్డు బిగించేసి, ఆ తర్వాత వెనక రేకుకు కన్నాలు కోస్తారు. హెచ్‌డీఎంఐ సాకెట్ సగం రేకు చాటున ఉండిపోతుంది. ఇక ఆకురాయి పట్టుకుని అరగదీయడమే. ఈ పని ఎప్పుడూ వెనకవైపు నుంచే మొదలవ్వాలి. ఆ సంగతికి వచ్చేలోపు మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందే ఒక మాట. మీరు చూసేదంతా ఓటీటీలోనే అయితే ఇది మీకు అనవసరం. లినక్స్ మీద నెట్‌ఫ్లిక్స్ 4కేలో రాదు. టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ తగిలించుకోండి, చాలు. హార్డ్‌డిస్కుల నిండా సొంత సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు ఉన్నవాళ్ల కోసమే ఈ శ్రమ.

పెట్టె, బోర్డు

చేత్తో ఎత్తి చూసి బరువుగా ఉన్న వీసీఆరే తీసుకోండి. బరువుందంటే లోపల ఇనుప చాసీ, అంటే చట్రం, ఉన్నట్టు. అడుగంతా ప్లాస్టిక్ అయిన రకాలు మన పనికి రావు. మనం వాడేది మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు, 170 మిల్లీమీటర్ల చదరం కాబట్టి వెడల్పుతో ఇబ్బంది రాదు. ఎత్తు మాత్రం లోపల కనీసం 7 సెంటీమీటర్లు ఉండాలి. హైదరాబాద్‌లో ఉంటే ఎర్రగడ్డ సండే మార్కెట్లో పాత పెట్టెలు, కోఠి గుజరాతీ గల్లీలో స్విచ్చులు, వైర్లు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ) కంప్యూటర్ షాపుల్లో బోర్డు వెతుక్కోవచ్చు.

పనిచేస్తున్న వీసీఆర్‌ను మాత్రం విప్పొద్దు. పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలని తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆడే వీసీఆర్ దొరక్క వాళ్లు పడే అవస్థ అంతా ఇంతా కాదు. చచ్చిపోయినదే తెచ్చుకోండి.

బోర్డు ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌తో వచ్చేదే కొనండి. దాని టీడీపీ, అంటే వేడి పుట్టించే లెక్క, 6 వాట్లే. 4కే వీడియోను, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌ను కూడా హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు పెడతామనే వాళ్లతో నాకు వాదన లేదు, వాళ్లు కట్టేది వేరే వస్తువు. 19 వోల్టుల ల్యాప్‌టాప్ తరహా అడాప్టర్‌తో నడిచే రకం అయితే మరీ మంచిది. ఏస్‌రాక్ ఎన్100డీసీ-ఐటీఎక్స్ అలాంటిదే. 230 వోల్టుల కరెంటు ఇనుప పెట్టెలోకి రానే రాదు. ఎస్ఎంపీఎస్‌ను, అంటే మామూలు కంప్యూటర్ పవర్ సప్లై డబ్బాను, లోపల కుక్కడం తెలివితక్కువ పని.

లోపలి సామాను తీయడం

వీసీఆర్ విప్పేటప్పుడు భయపడాల్సింది పవర్ సప్లై దగ్గరున్న పెద్ద కెపాసిటర్‌కే. ప్లగ్ తీసేసినా అందులో 325 వోల్టుల దాకా డీసీ మిగిలి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ప్లగ్ పెట్టని పెట్టె అయితే పర్వాలేదు. అమ్మేవాడు ఇప్పుడే ఆన్ చేసి చూపించి ఉంటే మాత్రం మల్టీమీటర్ పెట్టి చూడండి. చార్జ్ ఉంటే హోల్డర్‌లో పెట్టిన ఫిలమెంట్ బల్బు వైర్లను దాని కాళ్లకు ఆనించి దించేయండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్పుమనిపించడం హీరోయిజం కాదు. ముందు ప్యానెల్, దాని వెనక బటన్ల బోర్డు తప్ప అన్నీ పీకేయండి.

వెనకవైపు: ఇక్కడ తొందరపడొద్దు

మదర్‌బోర్డు వెనక సాకెట్లకు ఉండాల్సిన సందు కొలత 158.75 × 44.45 మిల్లీమీటర్లు. ఆ కొలత చూడగానే జనం స్కేలు, పెన్సిలు తీస్తారు. వద్దు. ఆ సందు ఎంత ఎత్తులో ఉండాలన్నది స్టాండాఫ్‌ల (బోర్డును రేకు మీద ఎత్తి నిలబెట్టే చిన్న స్తంభాల) ఎత్తును బట్టి మారుతుంది. స్టాండాఫ్‌ల చోటు బోర్డు కన్నాలను బట్టి ఉంటుంది. ఒకటి 1 మిల్లీమీటరు తప్పినా మిగతావన్నీ తప్పుతాయి.

నా పద్ధతి ఇది. కంప్యూటర్ రిపేరు షాపులో పాడైపోయిన ఏటీఎక్స్ (మామూలు డెస్క్‌టాప్ సైజు) క్యాబినెట్ ఒకటి తెచ్చుకోండి. మదర్‌బోర్డు బిగించే రేకును, దానికి అతుక్కుని ఉన్న వెనక రేకును విడదీయకుండా ఒకే ముక్కగా, ఎల్ ఆకారంలో కోయండి. వెనక రేకు నుంచి లోపలికి 20 సెంటీమీటర్లు, ఎత్తు 6 సెంటీమీటర్లు చాలు. మినీ ఐటీఎక్స్ బోర్డు వాడుకునేది ఆ సందుకు దగ్గరున్న నాలుగు కన్నాలనే. ఫ్యాక్టరీలో కొలిచి కొట్టిన సందు, స్టాండాఫ్‌లు ఒకే ముక్కలో వచ్చేశాయి. ఇక తప్పడానికి ఏమీ మిగల్లేదు. అక్రిలిక్ షీటు, ప్లైవుడ్ ముక్క, గ్లూగన్ అంటూ తిరిగేవాళ్లు ఇంత సుఖాన్ని ఎందుకు కాదనుకుంటారో నాకు అర్థం కాదు.

వీసీఆర్ వెనక రేకులో సుమారు 18 × 5.5 సెంటీమీటర్ల కిటికీ కోయండి. ఎల్ ముక్క లోపలి నుంచి దానికి ఆనుకుంటుంది కాబట్టి అంచులు కాస్త వంకర పోయినా బయటికి కనబడదు. సాకెట్లు కొంచెం లోపలికి ఉంటాయి, కేబుళ్లు పెట్టడానికి కిటికీ వెడల్పు సరిపోతుంది.

ఇక బిగింపు. ఎల్ ముక్కను చాసీకి బిగించే బోల్టులు, రివెట్లు ఏవీ బోర్డు కిందికి రాకూడదు. బోర్డుకూ రేకుకూ మధ్య ఉండేది సుమారు 6 మిల్లీమీటర్లే. బోల్టు తల అక్కడికొస్తే సోల్డర్ పాయింట్లకు తగిలి బోర్డు పోతుంది. ఆ 170 మిల్లీమీటర్ల చదరం బయట, నాలుగు మూలలా బిగించండి. చదరం లోపల మనకు కావాల్సిన నాలుగు కాక ఇంకో స్టాండాఫ్ ఉంటే దాన్నీ విప్పేయండి. వీసీఆర్ అడుగు ఎక్కడా చదునుగా ఉండదు, గుంతలున్న చోట వాషర్లు పేర్చి ఎత్తు సరిచేయండి. లేకపోతే బోర్డు మెలితిరుగుతుంది.

కోతలు, డ్రిల్లింగ్ అన్నీ బాల్కనీలో చేయండి, మదర్‌బోర్డు అట్టపెట్టెలోనే ఉండాలి. పని అయ్యాక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూలమూలా తిప్పండి. ఇనుప రజను కవర్‌కు అంటుకుంటుంది. అల్యూమినియం పొడి అలా రాదు, తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి.

అప్పుడు బోర్డు పెట్టి, నాలుగు స్క్రూలూ ముందు వదులుగా ఎక్కించి, ఆ తర్వాత ఎదురెదురు మూలల వరసలో బిగించండి. చివరగా ఒక కాగితం పట్టీని బోర్డు కింద ఇటు నుంచి అటు లాగండి. స్టాండాఫ్‌ల దగ్గర కాకుండా ఇంకెక్కడైనా తట్టుకుంటే, విప్పి చూడందే కరెంటు ఇవ్వొద్దు.

మిగతావి

వీసీఆర్ పవర్ బటన్ నొక్కితే కంప్యూటర్ ఆన్ కావాలి, అది లేకపోతే ఈ పెట్టెకు అందం లేదు. ఆ స్విచ్ చుట్టూ ఉన్న రాగి గీతలను బ్లేడుతో తెంపి, రెండు కాళ్లకు వైర్లు సోల్డర్ చేసి మదర్‌బోర్డు పవర్ స్విచ్ పిన్నులకు ఇవ్వండి. ప్లస్, మైనస్ చూడక్కర్లేదు. ఎల్ఈడీకి మాత్రం చూడాలి.

కంప్యూటర్ల హెచ్‌డీఎంఐ మామూలుగా టీవీ రిమోట్ మాట వినదు. రిమోట్ సంకేతాలను అందుకునే ఫ్లర్క్ యూఎస్‌బీ రిసీవర్‌ను ముందున్న నల్లటి రిమోట్ అద్దం వెనక పెట్టి, ఇంట్లో పడున్న ఇన్‌ఫ్రారెడ్ రిమోట్‌ను దేన్నైనా దానికి నేర్పించండి.

ఎన్100కు ఫ్యాన్ అక్కర్లేదని చదివి ఉంటారు. ఏసీ గదిలో నిజమే. మే నెలలో గది 40 డిగ్రీలు దాటినప్పుడు మూసిన ఇనుప పెట్టెలో అది ఆవిరి కుడుము అవుతుంది. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి వెనక పెట్టి, నెమ్మదిగా తిరిగేలా బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) సెట్ చేయండి. పైన గాలి సందుల మీద అల్లిక గుడ్డ కప్పొద్దు. అందం కోసం అని ఇంట్లోవాళ్లు కప్పుతారు, మీరు తీసేయాలి.

సాఫ్ట్‌వేర్ అరగంట పని. లిబ్రెఎలెక్ అనే చిన్న లినక్స్ సిస్టమ్ జెనరిక్ ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బూట్ చేసి, డిస్కులోకి ఇన్‌స్టాల్ చేసుకుంటే కోడి (Kodi) అనే సినిమాల ప్లేయర్ తెరుచుకుంటుంది. విండోస్ వద్దు, సినిమా మధ్యలో అప్‌డేట్ అంటుంది. సినిమా ఫైళ్ల పేర్లలో సంవత్సరం తప్పక రాయండి. ‘మాయాబజార్’ అని ఊరుకుంటే 1957 నాటిదానికి 2006లో వచ్చినదాని పోస్టర్ అంటుకునే ప్రమాదం ఉంది.