ఇంటి ప్రింటర్‌లో ఫోటో రంగులు – 5వ పాఠం: కళ్లద్దాల మీద కళ్లద్దాలు

ఈసారి సాఫ్ట్ ప్రూఫింగ్ (ప్రింటు ఎలా వస్తుందో ముందే స్క్రీన్ మీద చూసుకోవడం) చెబుతానన్నాను. చెప్పను. పోయిన పాఠం చదివి ప్రింట్లు తీసినవాళ్లలో చాలామంది ఒకటే మాట రాశారు: మొహాలు కందిపోయినట్టు ఎర్రగా వస్తున్నాయని. ఒకావిడైతే ప్రింటునే కవర్లో పెట్టి పోస్టు చేసింది. పెళ్లికూతురి బుగ్గల మీది పసుపు కాస్తా పారాణి అయి కూర్చుంది. చూడగానే తప్పు ఎక్కడుందో తెలిసింది. తప్పు నాది. 3వ పాఠంలో "ఫోటోషాప్‌లో మీ కాగితం ప్రొఫైల్ ఎంచుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ తర్వాత డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్‌లో ఉండి ప్రింటరుని నడిపించే సాఫ్ట్‌వేర్‌లో, చేయాల్సిన పని మీకు తెలిసే ఉంటుందనుకున్నాను.

ముందు రెండో రకం ఫిర్యాదు తేల్చేద్దాం, అది చిన్నది. ప్రింట్లు పాలిపోతున్నాయన్నవాళ్లు స్క్రీన్ వెలుతురు మరీ తగ్గించేశారు. చీకటి స్క్రీన్ మీద ఫోటో నల్లగా కనిపిస్తుంది, మీరు స్లైడర్ పైకి లాగుతారు, కాగితం వెలవెలబోతుంది. స్క్రీన్ వెలుతురు కొలిచే పరికరం ఉంటే చదరపు మీటరుకి 100 క్యాండెలా దగ్గర ఆపండి. లేకపోతే స్క్రీన్ మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకేలా వెలిగేదాకా తగ్గించండి. అంతకంటే కిందికి పోవద్దు.

ఇక ఎరుపు సంగతి.

ప్రొఫైల్ అంటే ఒక పట్టిక. ఈ ప్రింటరు, ఈ ఇంకు, ఈ కాగితం కలిస్తే ఏ అంకె పంపినప్పుడు ఏ రంగు పడుతుందో కొలిచి రాసిపెట్టిన పట్టిక. ఫోటోషాప్ దాన్ని చూసి, మీ ఫోటోలోని అంకెల్ని ఈ కాగితానికి సరిపడేలా మార్చి పంపుతుంది. అక్కడితో పని అయిపోయింది. కానీ దారిలో డ్రైవర్ ఉంది. దాని చేతికొచ్చినవి ముందే సరిదిద్దిన అంకెలని దానికెవరూ చెప్పలేదు. మామూలు ఎస్‌ఆర్‌జీబీ (కెమెరాలు, స్క్రీన్లు ఎక్కువగా వాడే రంగుల పద్ధతి) ఫోటో అనుకుని తన దిద్దుబాటు తను చేస్తుంది. మీకు పవర్ ఉంది, డాక్టరు అద్దాలిచ్చాడు. వాటి మీద ఇంకో డాక్టరిచ్చిన జత కూడా పెట్టుకున్నారు. రెండూ సరైన అద్దాలే, కానీ గోడ మీది గడియారం కనిపించదు. రెండు దిద్దుబాట్లు పడిన ప్రింటు ఎక్కువగా ఎరుపుకో మెజెంటాకో (ముదురు గులాబీకి) తిరగడం, రంగులు గాఢంగా ముద్దకట్టడం నేను చూసినంతలో మామూలే.

కాబట్టి పెత్తనం ఒక్కరికే. ప్రింట్ కిటికీలో "ఫోటోషాప్ మేనేజెస్ కలర్స్" పెట్టి ప్రొఫైల్ ఎంచుకున్నారా, అదే కిటికీలోంచి ప్రింట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డ్రైవర్ నోరు మూయించాలి. విండోస్‌లో, ఎప్సన్ అయితే మోర్ ఆప్షన్స్ ట్యాబ్‌లో కలర్ కరెక్షన్ కింద కస్టమ్, ఆపైన అడ్వాన్స్‌డ్ నొక్కి నో కలర్ అడ్జస్ట్‌మెంట్ వెతకండి. కొన్ని మోడళ్లలో అది ఐసీఎం (విండోస్ రంగుల నిర్వహణ) కింద దాక్కుంటుంది. కెనాన్ అయితే మెయిన్ ట్యాబ్‌లో కలర్/ఇంటెన్సిటీ దగ్గర మాన్యువల్, తర్వాత సెట్, మ్యాచింగ్ ట్యాబ్‌లో నన్. మ్యాక్‌లో ఫోటోషాప్‌కి పెత్తనమిస్తే డ్రైవర్‌లోని కలర్ మ్యాచింగ్ దానంతటదే మసకబారి నొక్కుడు పడదు. మ్యాక్ వాళ్ల నుంచి ఈ ఫిర్యాదు రాకపోవడానికి కారణం అదేననుకుంటా.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఎరుపు చూసి కొందరు డ్రైవర్‌లో మెజెంటా స్లైడర్ కిందికి లాగారు. ఇది మూడో కళ్లద్దం. మొహం కుదురుతుంది, వెనకాల అరటాకు పాడవుతుంది. ఆకు సరిచేస్తే చీర పోతుంది. నాలుగు రోజులు ఇలా తిప్పి "నా ప్రింటరుకి ఇంతే చేతనవును" అని వదిలేసినవాళ్లున్నారు. స్లైడర్లన్నీ సున్నాకి తెండి. ఒక్కటి కూడా ముట్టుకోవద్దు.

ఇంకోటి, డ్రైవర్ తన అలవాట్లు మరవదు. రేపు పిల్లల హోంవర్క్ ప్రింటు తీస్తారు, ఎల్లుండి ఫోటోకి చూస్తే అది మళ్లీ ఆటోలో ఉంటుంది. అందుకే ఈ సెట్టింగ్‌ని ప్రీసెట్‌గా దాచుకోండి. నా దాంట్లో దాని పేరు "నోర్మూసుకో".

కాగితం రకం మాత్రం డ్రైవర్‌లోనే ఎంచుకోవాలి, రంగు ఆపేసినా అది ఆగదు. ఎంత ఇంకు పోయాలో నిర్ణయించేది అదే. ప్రొఫైల్‌తో వచ్చిన సూచనల్లో ఏ రకం రాసి ఉంటే అదే పెట్టండి, మీ కాగితం పేరుకి దగ్గరగా ఉందని ఇంకోటి కాదు.

ప్రొఫైల్ దొరకని కాగితమా? అప్పుడు "ప్రింటర్ మేనేజెస్ కలర్స్" పెట్టి, పెత్తనం మొత్తం డ్రైవర్‌కే ఇచ్చేయండి. ఫైలు ఎస్‌ఆర్‌జీబీలో ఉంటే చాలు. సిగ్గుపడాల్సిన పనేం కాదు, నేనూ బర్త్‌డే ఫోటోలకి అదే చేస్తాను.

ఇంకు బాటిల్ మార్చారా అన్నది కూడా చూసుకోండి. ఒకప్పుడు మా ఊళ్లో ఒక షాపువాడు "కంపెనీదానికి ఏమాత్రం తీసిపోదు" అని అంటగట్టిన బాటిళ్లు నింపి, నలుపు తెలుపు ఫోటోలన్నీ పాచి రంగులో వస్తుంటే నెల రోజులు ప్రొఫైల్‌ని తిట్టాను. పట్టిక కొలిచింది వేరే ఇంకుతో. అది మాత్రం ఏం చేస్తుంది?

నాజిల్ చెక్ (ఇంకు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసే పరీక్ష ప్రింటు) గురించి రాయను. మీకు తెలుసు.

ఇప్పుడు పని. ఒకే ఫోటో మూడుసార్లు తీయాలి. అందులో మనిషి మొహం, పసుపో బంతిపువ్వో, వంకాయ రంగు పట్టుచీర, ఏదో మూల కొంచెం సిమెంటు గోడ ఉండాలి. గోడ ఎందుకంటే, బూడిద రంగులో చిటికెడు ఎరుపు కలిసినా కన్ను పట్టేస్తుంది, చీరలో పట్టదు. మొదటిది ఫోటోషాప్ పెత్తనంతో, డ్రైవర్ ఆఫ్. రెండోది కావాలనే రెండూ ఆన్. మూడోది డ్రైవర్ పెత్తనం. మూడు పేజీలు తగలేయకండి, ఫోటోని రెండంగుళాల పట్టీగా కత్తిరించి, ఒకే ఏ4 మీద ఒకదాని కింద ఒకటి వచ్చేలా జరుపుకుంటూ తీయండి. కాగితం మళ్లీ లోపలికి పంపేముందు పది నిమిషాలు ఆరనివ్వండి. వెనకాల పెన్సిల్‌తో అంకె వేసి, పట్టీలు విడదీసి, రాత్రంతా వదిలేయండి. తడి మీద రంగు చూసి ఏ నిర్ణయానికీ రావద్దు.

పొద్దున పదింటికి ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర, ట్యూబ్‌లైట్ ఆపేసి, పట్టీలు కలిపేసి, వెనక్కి తిప్పకుండా ఏది ఏదో చెప్పండి. ఇంట్లో ఇంకొకరితోనూ చెప్పించండి. రెండోదాన్ని ఇద్దరూ పట్టుకోగలగాలి. మొదటిదీ మూడోదీ తారుమారైతే ఫర్వాలేదు, కొన్ని ప్రింటర్లలో తేడా అంత సన్నంగానే ఉంటుంది. వంకాయ రంగు చీర మాత్రం మూడింట్లోనూ నీలానికి జారితే కంగారుపడకండి, ఆ సంగతి సాఫ్ట్ ప్రూఫింగ్‌లో చూద్దాం.

పట్టీల్ని ఫోన్‌తో ఫోటో తీసి నాకు పంపొద్దు. మీ ఫోను తెలుపుని తనకి తోచినట్టు దిద్దుతుంది, నా ఫోను తనకి తోచినట్టు చూపిస్తుంది. చూపించి తీరాలనుకుంటే ఆవిడలాగే కవర్లో పెట్టి పోస్టు చేయండి, మధ్యలో అట్టముక్క పెట్టి.