క్రూజ్ బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి

మన హైదరాబాద్‌కి సముద్రం లేదు కాబట్టి ఓడ ఎక్కాలంటే ముందు ముంబైకో సింగపూర్‌కో వెళ్లాలి, అందుకే ఒకరోజు ముందే అక్కడికి చేరేలా ఫ్లైట్ టికెట్ తీసుకోండి, మన విమానం లేటైందని ఓడ ఆగదు. (శంషాబాద్ వెళ్లే దారిలో ట్రాఫిక్ టెన్షన్ ఎలాగూ ఉంటుంది!)

పాస్‌పోర్ట్‌కి కనీసం 6 నెలల గడువుండాలి. వీసా దగ్గరే చాలామంది దెబ్బతింటారు: గ్రీస్‌లో ఎక్కి టర్కీలో దిగి మళ్లీ గ్రీస్‌కే వచ్చే ట్రిప్ అయితే షెంగెన్ వీసా (గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే వీసా, టర్కీ అందులో లేదు) మల్టిపుల్ ఎంట్రీది ఉండాల్సిందే, సింగిల్ ఎంట్రీతో తిరిగి రానివ్వరు.

కరీబియన్‌లో జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం, అప్పుడు టికెట్ చవగ్గా దొరికిందని ఎగిరి గంతేయకండి. అలాస్కా క్రూజ్‌లకైతే సీజన్ మే నుంచి సెప్టెంబర్.

స్కూబా డైవింగ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దు, ఇన్సూరెన్స్‌లో డైవింగ్ కవరవుతుందో లేదో కూడా ముందే చదవండి. వాంతుల మాత్రలు హ్యాండ్‌బ్యాగ్‌లోనే.