మల్లెను పీకే ముందు ఈనెలు లెక్కపెట్టండి

కార్తీకం వచ్చేసరికి భీమిలి రోడ్డులో, ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కల గడ్డి మోకాలెత్తు పెరిగి కంకులు ఎండటం మొదలవుతుంది. ఆ గడ్డి మొదళ్ల దగ్గర కూర్చుని వెతికితే జానెడు ఎత్తున, గరుకు ఆకులతో, గోరంత తెల్లటి పువ్వులతో ఒక మొక్క కనిపిస్తుంది. రైతులు దీన్ని మల్లె అంటారు. జొన్నచేలో మొలిస్తే జొన్నమల్లె. మనం జడలో తురుముకునే మల్లెకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. వృక్షశాస్త్రంలో ఇది స్ట్రైగా అనే ప్రజాతి, పక్క మొక్కల వేళ్లను పట్టుకుని బతికే పరాన్నజీవి.

మధురవాడలో ఉంటూ ముప్పై ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. ఈ మొక్క విషయంలో చేసిన తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. ఒక ఏడాది కొండవాలు మీద ఇవి గుంపుగా కనిపిస్తే, చేలకు చీడ కదా అని సంచి నిండా పీకేశాను. ఇంటికొచ్చి భూతద్దం కింద చూస్తే అది చేలో చూసిన జాతి కాదు. ఏ గడ్డి వేళ్ల మీద బతికిందో రాసుకోలేదు. తెల్లారేసరికి మొక్కలన్నీ నల్లబడి, పువ్వుల రంగు కూడా పోయింది. ఆ రోజు నుంచే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మీరు కూడా అలాగే చేయాలని నా కోరిక.

ముందు ఒక పువ్వు తీసుకోండి, ఒక్కటి చాలు. తెల్లటి రేకులను చూసి జాతి చెప్పలేరు, మన వైపు స్ట్రైగాలు చాలావరకు తెల్లగానే పూస్తాయి. పువ్వు అడుగున ఆకుపచ్చ గొట్టంలా ఉండే రక్షక పత్రావళిని చూడాలి. దాని మీద నిలువుగా ఉబ్బిన ఈనెలు ఉంటాయి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పట్టుకుని, వెలుతురుకు ఎదురుగా పువ్వును వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టండి. అయిదు ఈనెలుండి పువ్వులు కంకిలా ఒత్తుగా ఉంటే స్ట్రైగా డెన్సిఫ్లోరా. పది ఉంటే స్ట్రైగా ఏషియాటికా. పదిహేను ఉంటే స్ట్రైగా అంగుస్టిఫోలియా. మొదటిసారి లెక్క తప్పుతుంది. ఎక్కడ మొదలుపెట్టారో గుర్తుండటానికి ఒక ఈనె మీద కలంతో చుక్క పెట్టుకోండి. మూడు పువ్వుల్లో ఒకే లెక్క వస్తే నమ్మవచ్చు. మరో గుర్తు కూడా చూడండి: పూగొట్టం నిటారుగా పోయి, రేకులు విచ్చుకునే చోటుకు కాస్త కింద వంగుతుంది.

అయిదు ఈనెలే ఉండి, ఆకులు పొలుసుల్లా చిన్నబోయి, పువ్వు ఊదా రంగులో ఉంటే అది స్ట్రైగా జెస్నెరియాయిడిస్ కావచ్చు. అది గడ్డిజాతులను వదిలి వెడల్పాకుల మొక్కలను పట్టుకుంటుంది. అందుకే పక్కనున్న మొక్క పేరు కూడా రాయాలి.

ఇక వర్గీకరణ. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ ఏషియాటికాను బుక్నేరా ప్రజాతిలో పెట్టాడు. 1790లో లౌరేరో అనే పోర్చుగీసు జెస్యూట్ మతప్రచారకుడు స్ట్రైగా ప్రజాతిని ఏర్పరిచాడు. 1891లో కుంట్జే అనే వృక్షశాస్త్రవేత్త ఏషియాటికాను అందులోకి మార్చాడు. నేను చదువుకున్న రోజుల్లో ఇది స్క్రోఫులారియేసీ కుటుంబం. 2001 ప్రాంతంలో డీఎన్ఏ పరిశోధనలు ఆ కుటుంబాన్ని విడగొట్టాక, స్ట్రైగా ఒరబాంకేసీలోకి వచ్చింది, అంటే పొగాకు వేళ్లను పట్టుకునే ఒరబాంకీ ఉన్న ఇంటికే. ఒరబాంకీని మన రైతులు ఏమంటారో తెలుసా? పొగాకు మల్లె. ఒకదాన్ని జొన్నమల్లె, ఇంకొకదాన్ని పొగాకు మల్లె అని ఒకే ఇంటిపేరుతో పిలిచినవారికి డీఎన్ఏ అవసరం పడలేదు. ఆ సంగతి తలచుకున్న ప్రతిసారీ నాకు గర్వంగా ఉంటుంది.

రెండింటికీ తేడా మాత్రం ఉంది. పొగాకు మల్లెలో పచ్చదనమే లేదు, అది సంపూర్ణ పరాన్నజీవి. స్ట్రైగాకు పచ్చటి ఆకులున్నాయి, పైకొచ్చాక కొంత ఆహారం సొంతంగా చేసుకుంటుంది. నీళ్లూ లవణాలూ, మరికొంత ఆహారమూ మాత్రం ఆతిథేయి, అంటే తాను పట్టుకున్న మొక్క, వేళ్ల నుంచే లాగుతుంది. అందుకని పాక్షిక పరాన్నజీవి అంటారు. మామిడి కొమ్మల మీద బదనిక చేసేదీ ఇలాంటి పనే, కాకపోతే అది వేరే కుటుంబం, కొమ్మను పట్టుకుంటుంది.

స్ట్రైగా గింజ మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఒక్క మొక్క వేల కొద్దీ రాలుస్తుంది, అవి మట్టిలో పదేళ్లకు పైగా బతికి ఉండగలవు. కొన్ని రోజులు తడిలో నాని, దగ్గర్లో వేరు విడుదల చేసే రసాయనం తగిలితేనే మొలకెత్తుతాయి. ఆ రసాయనాల్లో మొదటిదైన స్ట్రైగాల్‌ను 1966లో పత్తి వేళ్ల స్రావం నుంచి వేరుచేశారు. నిజానికి మొక్క వాటిని వదిలేది తనకు భాస్వరం అందించే శిలీంధ్రాలను పిలుచుకోవడానికని 2005లో తేలింది. ఆ పిలుపును స్ట్రైగా పొంచి వింటుంది. పత్తి వేళ్లు దాన్ని మొలిపిస్తాయి, కానీ పట్టుకోనివ్వవు, మొలక చచ్చిపోతుంది.

ఇది తెలిస్తే పొలంలో ఏం చేయాలో అర్థమవుతుంది. అనకాపల్లి దగ్గర మా తమ్ముడు చెరకు వేస్తాడు. "అక్కా, నీకు ముద్దొచ్చే మొక్క నా చెరకును పీల్చేస్తోంది" అన్నాడు ఒకసారి. వాడి మాట నిజం, స్ట్రైగా నేల పైకి వచ్చేలోపే పంటకు చాలా నష్టం జరిగిపోతుంది. చేలో దాన్ని పూత దశలోనే, కాయ కట్టకముందే పీకి కాల్చేయాలి. తర్వాతి ఏడాది పత్తి, వేరుశనగ లాంటి పంటతో మార్పిడి చేయాలి. నత్రజని తక్కువైన నేలలో దీని బెడద ఎక్కువ, ఎరువు పెడితే తగ్గుతుంది. ఇక్కడ జాలిపడటానికి నేను ఒప్పుకోను.

కొండ మీద మాత్రం పీకవద్దు. అక్కడ అది ఎవరూ విత్తని గడ్డి మీద బతుకుతోంది. అక్కడ పది ఈనెల ఏషియాటికా కనిపించినా నేను వదిలేస్తాను. ఆ వాలు నీరు నేరుగా జొన్నచేలోకి దిగుతుంటే మాత్రం కాయలు ముదరకముందు తుంచుతాను. ఈ మొక్కలకు కావలసింది పలచని గడ్డి, ఎండ. కాబట్టి వాటిని కాపాడటమంటే గడ్డివాలును గడ్డివాలుగా ఉంచడమే. అక్కడ సరుగుడు, నీలగిరి నాటితే నీడ కమ్ముతుంది. తలంబ్రాల పొద (లాంటానా) అల్లుకుంటే గడ్డి పోతుంది. ఖాళీ నేల అని మొక్కలు నాటే ఉత్సాహవంతులను చూస్తే నాకు కంగారు పుడుతుంది. అది ఖాళీ కాదు, ఒకసారి మోకాళ్ల మీద వంగి చూడండి.

కంబాలకొండ అభయారణ్యంలో అనుమతి లేకుండా పువ్వు కూడా తుంచకూడదు, అక్కడ భూతద్దాన్నే మొక్క దగ్గరికి తీసుకెళ్లండి. మిగతా చోట్ల నాలుగు మీటర్ల తాడును చదరంగా పరచి, లోపలి కాండాలు లెక్కపెట్టి, పక్క గడ్డి కంకిని, పువ్వునూ ఫోటో తీయండి. రంగు అక్కడికక్కడే రాయండి, ఎండిన మొక్క నల్లబడిపోతుంది. మరుసటి ఏడు అదే చోట, అదే వారంలో మళ్లీ తాడు పరవండి.

బయలుదేరే ముందు చెప్పుల అడుగులు బ్రష్షుతో దులిపి, ప్యాంటు అంచులు విదిలించండి. కంటికి ఆనని గింజలవి, చేలోంచి కొండకూ, కొండమీంచి చేలోకీ మనమే మోసుకుపోతాం. తమ్ముడి ఇంటికి వెళ్లే రోజున నేను కొండకు వెళ్లను.