వాల్యూ ఇన్వెస్టింగ్‌లో ఉద్యోగం – 3వ పాఠం: లాభం సరే, డబ్బేదీ?

పోయిన పాఠంలో ఒక చిన్న కంపెనీని ఎంచుకుని, దాని ఐదేళ్ల వార్షిక నివేదికలు డౌన్‌లోడ్ చేసుకోమన్నాను. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మాత్రం వద్దు, లాభాన్నీ నగదునూ పోల్చే ఈ లెక్క వాటికి పనికిరాదు. ఛైర్మన్ ఉత్తరం, రంగుల ఫొటోలు దాటేసి నేరుగా క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌కి, అంటే ఏడాదిలో నగదు ఎంత వచ్చిందో ఎంత పోయిందో చూపే పట్టికకి, రండి.

కిరాణా కొట్లో 'అరువు రేపు' అన్న బోర్డు ఊరికే పెట్టరు. లక్ష రూపాయల సరుకు అమ్మి, అరవై వేలు ఖాతా పుస్తకంలో రాసుకుంటే కాగితం మీద లాభమే. సాయంత్రానికి గల్లాపెట్టెలో మాత్రం నలభై వేలే ఉంటాయి. కంపెనీలకూ ఇదే తంటా.

ఎక్సెల్‌లో ఐదేళ్ల నికర లాభం ఒక వరుసలో, వ్యాపారం నుంచి వచ్చిన నగదు దాని కింద వరుసలో వేసి, దేనికది కూడండి. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకండి. పెద్ద బిల్లు తాలూకు డబ్బు మార్చి 31న రాక ఏప్రిల్ 2న వస్తే ఆ ఏడాది లెక్క తారుమారవుతుంది. మొత్తం లాభం 100 కోట్లు, నగదు 40 కోట్లు అనుకుందాం. మిగతా 60 కోట్లు బాకీల్లో ఉన్నాయా, గోడౌన్‌లో సరుకై కూర్చున్నాయా? బ్యాలెన్స్ షీట్ కింది నోట్స్‌లో వెతకాలి. చదవడం విసుగే, కానీ ఈ ఉద్యోగంలో సగం పని అదే.

నగదు కనిపించినా వెంటనే నమ్మకండి. మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ సంగతే చూడండి. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజే ఉత్తరం రాశారు. రావాల్సి ఉందన్న 376 కోట్ల వడ్డీ కూడా ఉత్తదే. అందుకే నిల్వ ఎంతో చూశాక, నిజంగా చేతికొచ్చిన వడ్డీ ఎంతో కూడా చూడండి. దీంతోనే సత్యం బండారం బయటపడేదని అనను, అక్కడ బ్యాంకు కాగితాలే దొంగవి పుట్టించారు.

ఈ ఉద్యోగానికి ఎన్ఐఎస్ఎం (స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన విద్యాసంస్థ) రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష ఒక్కటే సరిపోతుందా అని అడుగుతున్నారు. రాయండి, కావాలి, కానీ అదొక్కటే చాలదు. నా మొదటి ఇంటర్వ్యూలో పీఈ రేషియోలు (షేరు ధర, ఒక్కో షేరుకొచ్చే లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్కలు) గడగడా అప్పజెప్పాను. "ఈ కంపెనీకి బాకీలు ఎన్ని రోజులకు వసూలవుతాయి?" అనేసరికి నోరు పెగల్లేదు.

ఈ వారం హోంవర్క్: మీ కంపెనీలో లాభానికీ నగదుకీ మధ్య తేడా ఎక్కడ ఇరుక్కుందో ఒక్క పేజీలో, తెలుగులోనైనా సరే, రాయండి. ప్రతి అంకె పక్కనా నివేదిక పేజీ నంబరు వేయండి.