బరువు తగ్గే సర్జరీ తర్వాత గ్యాస్ నొప్పి: మాత్ర వేసుకునే ముందు ఎక్కడ నొప్పో చూడండి

బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే స్లీవ్, బైపాస్ లాంటి ఆపరేషన్లు జరిగే వార్డులో నేను నర్సుని. మొదటి రాత్రి బెల్ కొట్టి పిలిచేవాళ్ళు కుట్ల నొప్పి గురించి పెద్దగా మాట్లాడరు. "ఆపరేషన్ పొట్టకి కదా సిస్టర్, భుజం ఎందుకు ఇలా లాగేస్తోంది?" అంటారు. భుజంలోనేనా, పొట్టలో కూడా మెలిపెడుతోందా అని నేను తిరిగి అడుగుతాను. ఎందుకంటే అందరూ గ్యాస్ అనేది ఒకటే అనుకుంటారు గానీ, ఇక్కడ రెండున్నాయి. ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి పనిచేయదు.

లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్లో, కెమెరాకీ పరికరాలకీ చోటు కావాలి కాబట్టి పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ పంపి ఉబ్బిస్తారు. ఒత్తిడి మామూలుగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల మెర్క్యురీ దాకా ఉంటుంది. చివర్లో వదిలేసినా కొంత మిగిలిపోతుంది. అది ఉండేది పేగుల లోపల కాదు, వాటి బయట. కూర్చున్నప్పుడు పైకి చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్‌కి తగులుతుంది. డయాఫ్రమ్ నరమూ భుజం నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి కాబట్టి నొప్పి భుజంలో ఉన్నట్టు తెలుస్తుంది. ఈ గ్యాస్ త్రేన్పుగా రాదు, కింద నుంచీ పోదు. మెల్లగా రక్తంలోకి ఇంకి, ఊపిరితో బయటికి పోతుంది. అందుకే గ్యాస్ మాత్ర ఎన్ని వేసినా భుజానికి ఒరిగేదేమీ ఉండదు. చాలామందికి రెండు మూడు రోజుల్లో, కొందరికి వారానికి తగ్గుతుంది.

అంతవరకూ భుజం మీద గోరువెచ్చని కాపడం పెట్టుకోండి. కుట్ల మీద మాత్రం వద్దు, అక్కడ చర్మం మొద్దుబారి ఉంటే కాలినా తెలియదు. కూర్చుంటే నొప్పి పెరుగుతోందంటే కాసేపు వెనక్కి వాలి పడుకోండి. లోతుగా ఊపిరి పీల్చండి. బంతులున్న ప్లాస్టిక్ పరికరం ఇస్తారు కదా, దాన్ని ఇచ్చిన పది నిమిషాలకి వెళ్ళి చూస్తే సగం మంది ఊదుతూ ఉంటారు. అది ఊదేది కాదు, పీల్చేది. దగ్గు వస్తే పొట్టకి దిండు అదిమి పట్టుకుని దగ్గండి. నొప్పి మాత్రలు డాక్టరు రాసినవే వాడండి. ఇంట్లో ఉన్నాయి కదా అని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్ళకి అతికిన చోట పుండు పడే ప్రమాదం ఉంది.

ఇక పొట్ట ఉబ్బి, గుడగుడలాడి, మెలిపెట్టే నొప్పి పేగుల లోపలి గాలి వల్ల వచ్చేది. మత్తుమందూ, గట్టి నొప్పి మందులూ పేగుల్ని మందగింపజేస్తాయి. వాటిని లేపేది నడకే. లేవగానే నడవొద్దు, ముందు మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోండి, తల తిరగట్లేదని చూసుకుని నిలబడండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో కొన్ని నిమిషాల నడక చాలు. ఒకేసారి ఎక్కువ నడిచి అలసిపోవడం వల్ల లాభం లేదు. పడుకున్నప్పుడు మోకాళ్ళు ముడిచి ఎడమ పక్కకి తిరిగి చూడండి. డాక్టరు సరేనంటే సిమెథికోన్ అనే గ్యాస్ మాత్ర పనికొచ్చేది ఈ గాలికే. గ్యాస్ పోతే సిగ్గుపడకుండా చెప్పండి. వార్డులో మాకు అది మంచి కబురు.

తాగే పద్ధతి దగ్గరే చాలామంది కొత్త గాలిని లోపలికి పంపుతారు. కొత్త పొట్ట, అంటే ఆపరేషన్ తర్వాత తిండి చేరే సంచి, చాలా చిన్నది. మందు కొలిచే చిన్న కప్పులో 30 మిల్లీలీటర్లు పోసుకుని, పది పదిహేను నిమిషాల పాటు కొంచెం కొంచెంగా చప్పరించండి. గటగటా తాగితే ఛాతీ మధ్యలో పట్టేస్తుంది. స్ట్రా, చూయింగ్ గమ్, సోడా వద్దు. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే గ్యాస్ పొడి అసలే వద్దు, అది పొట్టలోనే గ్యాస్ పుట్టిస్తుంది. ప్రొటీన్ షేక్ మిక్సీలో కొడితే నురుగు అణిగాకే తాగండి. త్రేన్పు తెప్పించుకోవాలని గాలి మింగేవాళ్ళూ ఉన్నారు, దానివల్ల ఉబ్బరం ఇంకా పెరుగుతుంది.

కొన్ని వారాల తర్వాత కూడా ఉబ్బరం ఉంటే ప్రొటీన్ డబ్బా మీద రాసింది చదవండి. పాల నుంచి తీసే వే ప్రొటీన్‌లో కాన్సన్‌ట్రేట్, ఐసొలేట్ అని రెండు రకాలుంటాయి. పాల చక్కెర పడనివాళ్ళకి కాన్సన్‌ట్రేట్ కంటే ఐసొలేట్ తేలిక, అందులో ఆ చక్కెర తక్కువ. చక్కెర లేదని రాసిన వాటిలో సార్బిటాల్, మాల్టిటాల్ అనే తీపి పదార్థాలు ఉన్నాయేమో చూడండి, అవీ గ్యాస్ పెంచుతాయి.

ఒక్క విషయంలో మాత్రం గ్యాసేలే అని ఊరుకోవద్దు. విశ్రాంతిగా ఉన్నా పల్స్ నిమిషానికి 120 దాటి తగ్గకపోవడం, జ్వరం, గంట గంటకీ పెరిగే కడుపునొప్పి, ఆగని వాంతులు, ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక పిక్కలో వాపు కనిపిస్తే, లేదా తగ్గిన భుజం నొప్పి, ముఖ్యంగా ఎడమవైపు, మళ్ళీ మొదలైతే కుట్టిన చోట లీకో, రక్తం గడ్డో కావచ్చు. తెల్లారేదాకా ఆగకండి. ఆస్పత్రికి ఫోన్ చేసేముందు పల్స్, జ్వరం చూసుకోండి, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. మేము ముందుగా అడిగేవి అవే. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ ఉంటే మాత్రం ఇవేవీ చూస్తూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వచ్చేయండి.